మురిగిన పద్దు

బిల్లంటే హోటల్ల చేతికిచ్చే చీటీ అనుకునేటోణ్ణి
ఈ నౌకరీల చేరేదాంక.

ఇప్పుడు నా సంచిల ఉన్నది
మురుగు కాల్వలల్ల దిగేటోళ్ల భద్రతానిధి బిల్లు.
నలభై రెండు పేజీలు, ఆకుపచ్చ ట్యాగు,
అట్ట మీద హేమలతా మేడం గుండ్రటి రాత.
అసెంబ్లీ గేటు కాడ కిక్కు కొడితే
లక్డీకాపూల్, ఖైరతాబాద్, రాజ్‌భవన్ రోడ్డు,
సిగ్నళ్లు దయ తలిస్తే పదకొండు నిమిషాలు.

తపాలా గుమస్తా విక్టర్ సారు
తల ఎత్తకుండ నా పుస్తకంల రాసిండు:
ముట్టింది.
తారీఖు, టైము, సంతకం.
నేను చెమట తుడుసుకునే లోపటనే అయిపోయింది.
లోపలి సంతకానికి మాత్రం
వానలొచ్చినయ్, గణేశుడు మునిగిండు,
చలి పడ్డది, మామిడి పూత రాలింది.

పైసలైతే ఉన్నయట.
పోయిన మార్చిలనే ఓటేసి పక్కకు పెట్టిండ్రట,
పద్దు, ఉపపద్దు, సూక్ష్మపద్దు,
గల్లీల ఇండ్లకు నంబర్లున్నట్టే పైసలకు గూడ.
తాళంచెవి ఒక్కటే లేదు.
"ఉన్న పైసలు ఖర్సు పెట్టరాదా మేడం?" అంటే
"చట్టం లేనిది పైస కదలదు బాలనర్సూ" అన్నది,
కండ్లద్దాలు నుదుటి మీదికి జరిపి.

మార్చి ముప్ఫై ఒకటి రాత్రి
పన్నెండింటికి ట్రెజరీ కంప్యూటర్లు మూసుకున్నయ్.
తెల్లారి సెక్షన్ల ఒకటే మాట:
నిధులు మురిగిపోయినయ్.
నాకు ఆ మాట కాడ కాలు ఆగింది.
గంపల టమాటలు మురుగుతయ్,
నాలాల నీళ్లు మురుగుతయ్,
కాయితం మీద అంకెలెట్ల మురుగుతయ్?
వాసన రావద్దా?
ఎవలకూ రాలేదు.
చాయ్ వచ్చింది, తాగినం.

ఏప్రిల్ల తిరిగొచ్చింది బిల్లు.
సంతకం లేదు, మూడు పేజీల ఉత్తరమున్నది.
మళ్ల సభ పెట్టిండ్రు.
నేను గ్యాలరీ తలుపు సందుల నిలబడ్డ.
అచ్చరం మార్చలేదు, కామా జరపలేదు.
"అనుకూలురు అవును అనండి" అన్నదే ఆలస్యం
ఒక్కపారి లేచింది గొంతుల మోత.
మూజువాణి అంటరు దాన్ని.
ఇన్ని నోర్లు రెండోసారి అదే మాటంటే
ఒక్క చెయ్యి కాదనరాదట,
రాజ్యాంగంల రాసున్నదట.
"మరి ఎప్పటిలోగ మేడం?"
ఆమె ఫ్యాను దిక్కు చూసింది.
"సాధ్యమైనంత త్వరగా."
అదేం తారీఖు?
నా పుస్తకంల అట్ల రాస్తే విక్టర్ సారు ఒప్పుకోడు.

బయలెల్లిన మళ్ల.
అదే సంచి, అవే నలభై రెండు పేజీలు,
ట్యాగు మాత్రం కొత్తది.
లక్డీకాపూల్ కాడ ఎర్రలైటు పడ్డది.
పక్కనే మ్యాన్‌హోల్ మూత తీసున్నది,
గుర్తుకు ఒక వేపమండ గుచ్చిండ్రు.
ఛాతీదాంక లోపల ఒక మనిషి,
ముక్కుకు తువ్వాల, చేతిల వెదురు బద్ద.
ఒకళ్ల మొకం ఒకళ్లం చూసుకున్నం.
చెప్పాల్ననిపించింది:
అన్నా, నా భుజానికి యాలాడేది నీదే,
రెండుసార్లు అవునన్నరు నీకు,
బల్లలు గూడ చరిసిండ్రు.
నేను నోరు తెరిచే లోపట ఆయనే అన్నడు:
"బండి జర పక్కకు తియ్యన్నా,
పొగ లోపలికొస్తుంది."

తీసిన.
ఇంజన్ గూడ బందు చేసిన.
పచ్చలైటు పడ్డది, వెనక హారన్లు మొదలైనయ్,
చాలాసేపు స్టార్టు గాలేదు.

రాజ్‌భవన్ కాడికి పోయేసరికి
విక్టర్ సారు అన్నానికి పోయిండు.
సంచి ఒడిల పెట్టుకొని బెంచీ మీద కూసున్న.
ఎవలూ చూస్తలేరని
మూతి కొంచెం తెరిచి వాసన చూసిన.
జిగురు.
కొత్త కాయితం.